నాలుగోసారి తట్టిన తలుపు

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది అమ్మ. లేచి, కొళాయి సన్నగా తిప్పి వజూ చేసుకుంటుంది. చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా, తడి చేత్తో తల నిమిరి, చివరికి పాదాలు. మొత్తానికి ఒక చెంబెడు నీళ్లు కూడా ఖర్చు కావు. తర్వాత నాన్న లేచి అదే కొళాయిని వరద గేటులా ఎత్తేస్తాడు. నీళ్లు దుబారా చేయడం తప్పని అమ్మ ఇరవై ఏళ్లుగా చెబుతూనే ఉంది. కాకపోతే నమాజులో నిలబడ్డాక మాట్లాడకూడదు. ఆ సంగతి నాన్నకు బాగా తెలుసు. అందుకే అమ్మ చాప పరిచి చేతులు కట్టుకునేదాకా ఆగి, అప్పుడు తిప్పుతాడు.

అందరికంటే చివర లేచేది కూతురు. వయసు ఇరవై రెండు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. చక్కటి పేరే పెట్టారు గానీ ఎవరూ వాడరు. చెప్పిన తేదీకి మూడు వారాల ముందే పుట్టింది కాబట్టి ఊరందరికీ తను తొందర. పేరుకు తగ్గట్టే టీ చల్లారకముందే తాగి నాలుక కాల్చుకుంటుంది, ఎదుటివాళ్ల మాట పూర్తి కాకముందే జవాబు చెబుతుంది.

ఆ ఆదివారం సాయంత్రం అమ్మ పరదాల గుడ్డకు అంచు కుడుతుంటే తొందర సూదిలో దారం ఎక్కిస్తూ అడిగింది.

"అమ్మా, నీకింకా ఒక రోజా మిగిలిపోయింది కదూ?"

"మిగిలితే మిగిలింది. నీకెందుకు?"

"అది నా పుట్టినరోజుది కాబట్టి."

రంజాన్ నెలలో గర్భిణులకు, బాలింతలకు, జబ్బుపడ్డవాళ్లకు, ప్రయాణంలో ఉన్నవాళ్లకు రోజా వాయిదా వేసుకునే వీలుంది. వాయిదాయే, మాఫీ కాదు. తర్వాత ఒంట్లో బాగున్నప్పుడు రోజుకు రోజు ఉపవాసం ఉండి తీర్చుకోవాలి. ఫలానా రోజుది అని తెల్లవారకముందే మనసులో నిశ్చయించుకోవాలి. ఇంతవరకు లోకమంతా ఉన్నదే. ఆ ఇంట్లో మాత్రం అమ్మ ఏ రోజు అనుకుంటే ఆ రోజు కూడా తిరిగి వచ్చేది.

వచ్చి ఇంట్లో తిరిగేది. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల ఎప్పటిదో వాన చప్పుడు. అమ్మేసిన కుట్టుమిషను టకటకలు. నల్లటి మీసంతో పడుచు నాన్న ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్లేవాడు. ఇప్పటి నాన్న ఆ మీసాన్ని చూసి నిట్టూర్చేవాడు. పాతవాళ్లకు వీళ్లు కనపడరు, వినపడరు. పొద్దు గుంకి మసీదులో మగ్రిబ్ అజాన్ వినిపించగానే అంతా చెదిరిపోయేది. చక్కెర అప్పుకు వచ్చిన పొరుగావిడ గుమ్మంలోంచి తొంగి చూసి, "ఓహో, పాత రోజు నడుస్తోందా? సరేలే, మళ్లీ వస్తా" అని వెళ్లిపోయేది. అంతకు మించి ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

బాలింతగా ఉన్నప్పటి రోజాలన్నీ అమ్మ తొందర పుట్టిన ఏడాదే తీర్చేసింది. ఒక్కటే ఆపింది.

"ఆ రోజు వస్తే నొప్పులు కూడా వస్తాయి. నువ్వు పడతావా?" అంది ఇప్పుడు కూడా.

"నొప్పులెందుకొస్తాయి?"

"జ్వరం రోజు తీర్చినప్పుడు వణకలేదూ నేను?"

"అది మంచం మీద పాత నిన్ను చూసి నువ్వు వణికావు. థర్మామీటరు ఏమీ లేదంది. అమ్మా, రోజు వచ్చేది ఇంటికి. ఆ రోజు నువ్వు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లిపోయావుగా! నొప్పులు నీతోనే గుమ్మం దాటి పోతాయి. ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగిందో నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు. మామయ్య వచ్చాడో రాలేదో తేలిపోతుంది."

అమ్మ సూది ఆగిపోయింది.

మామయ్య అంటే అమ్మకు సొంత అన్న. నాలుగు వీధుల అవతల తాళాలు బాగుచేసే కొట్టు. అన్నాచెల్లెళ్లు మాట్లాడుకుని తొందర వయసంత కాలమైంది. ముఖం తిప్పుకున్నా మూడు రోజులకు మించకూడదని మతం చెబుతుంటే, వీళ్లు ఇరవై రెండేళ్లు లాగించారు.

గొడవ ఇంతే. నాన్న అప్పట్లో లారీ తోలేవాడు, ఆ రోజు ఊళ్లో లేడు. నొప్పులు మొదలవగానే అమ్మ, అన్నయ్యను వెంటనే పంపమని అతని కొట్టు ఎదురుగా ఉన్న టీ దుకాణానికి ఫోను చేసింది. అతను రాలేదు. మర్నాడు ఆసుపత్రికి వచ్చి, "నిన్న వచ్చాను, తాళం వేసి ఉంది" అన్నాడు. "తాళాలు తీసేవాడికి తాళం అడ్డమొచ్చిందా? రోజాలో ఉండి కూడా అబద్ధమేనా?" అంది అమ్మ. ఉపవాసం ఉన్న మనిషిని అబద్ధాలకోరు అనడం అతనికి గుండెలో దిగింది. సాక్షి లేడు. ఒట్టు వెయ్యమన్నారు పెద్దలు. "తాళం కోసం దేవుడి మీద ఒట్టా? వెయ్యను" అన్నాడు. చెల్లెలి కోసం తెచ్చిన ఖర్జూరాల పొట్లం మంచం మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆ మామయ్య మంగళవారం తెల్లవారుజామున హజ్‌కు వెళ్తున్నాడు. వెళ్లేముందు గుమ్మం గుమ్మం తిరిగి, తెలిసీ తెలియక చేసినవి మన్నించమని అడుగుతున్నాడు. దేవుడికి చేసిన తప్పు దేవుడు మన్నిస్తాడు గానీ, మనిషికి చేసింది ఆ మనిషే మన్నించాలి. ఇమాముగారు అతనికి నాలుగు వారాలుగా ఇదే చెబుతున్నారు. అన్ని గుమ్మాలూ అయ్యాయి, ఒక్కటి తప్ప.

"ముళ్ల కంచె మీద గుడ్డలా ఆ పయనం చిక్కుకుంటే, పాపం నీదే" అంది తొందర.

"వెధవ పోలికలు నువ్వూనూ. ముందు ఆ దారం ఎక్కించు" అంది అమ్మ. కానీ సోమవారం తెల్లవారకముందే లేచి రెండు ముద్దలు తిని, నీళ్లు తాగి, చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చుంది. రంజాన్ పదిహేడు, తొందర పుట్టిన ఏడాది, అనుకుంది.

తొందర పనికి సెలవు పెట్టింది.

తెల్లారేసరికి గోడలకు పాత ఆకుపచ్చ రంగు వచ్చింది. వంటింట్లోంచి పడుచు అమ్మ నడుం పట్టుకుని వచ్చింది. పొట్ట ఆమెకంటే ఒక అడుగు ముందు నడుస్తోంది.

"అదిగో నేనే!" అంది తొందర. "ఎంత గుండ్రంగా ఉన్నానో!"

"ఇప్పుడేం తక్కువ?" అన్నాడు నాన్న రొట్టె నములుతూ. రోజాలో ఉన్న పెళ్లాం ముందు కూర్చుని తినడానికి ఆయనకు ఏనాడూ సిగ్గు లేదు.

పడుచు అమ్మ ఫోనెత్తి, "మా అన్నయ్యను ఒకసారి వెంటనే ఇంటికి రమ్మనండి" అంది. అంతే. ఎందుకో చెప్పలేదు. తొందర అమ్మ వైపు చూసింది. అమ్మ కుట్టుపని వైపు చూసింది. కాసేపటికి అప్పటి పొరుగావిడ బండి మాట్లాడుకొచ్చింది. పడుచు అమ్మ బయటికి నడిచి తాళం వేయబోతే తాళం తిరగలేదు. ఆ నెలంతా మొరాయిస్తూనే ఉంది. పొరుగావిడ తలుపును మోకాలితో ఒక్కటి పొడిస్తే అప్పుడు తిరిగింది. బండి చప్పుడు దూరమైంది. ఇప్పటి అమ్మ నడుం పట్టుకుని, ఊపిరి బిగబట్టి, నొప్పి కోసం ఎదురుచూసింది. రాలేదు. మెల్లగా చేయి తీసేసింది.

"ఇందుకేనా ఇరవై రెండేళ్లు?" అంది తొందర.

"నువ్వు కని చూడు, అప్పుడు మాట్లాడు."

పాత ఇల్లు ఖాళీగా ఉంది. పాత గడియారం కొట్టుకుంటోంది. అరగంట గడిచిందో లేదో, తలుపు చప్పుడైంది.

ముగ్గురూ కిటికీ దగ్గరికి పరిగెత్తారు. గుమ్మమూ మెట్లూ ఇంటివే కాబట్టి అక్కడిదాకా ఆ రోజు కనపడుతుంది. పనిముట్ల సంచి చంకన పెట్టుకుని, ఒత్తైన జుట్టుతో, ఆయాసపడుతూ నిలబడి ఉన్నాడు మామయ్య.

"అస్సలాము అలైకుమ్! చెల్లీ!"

ఆగాడు. మళ్లీ తట్టాడు, మళ్లీ సలాం. ఆగాడు. మూడోసారి. తొందర వేళ్లు మడిచి లెక్కపెట్టింది. మూడుసార్లకు జవాబు రాకపోతే వెనక్కి తిరగాలి, అది పద్ధతి. అతను తిరిగాడు. తిరిగి మెట్టు మీద కూర్చున్నాడు.

"వచ్చాడు" అంది తొందర.

అమ్మ కిటికీ వదిలి తలుపు దగ్గరికి నడిచింది.

కాసేపటికి అతను తాళం వైపు వంగి చూశాడు. "దీని గురించే పిలిచుంటుంది" అని గొణుక్కున్నాడు. సంచి విప్పి, సన్నటి మూతి ఉన్న నూనె డబ్బా తీశాడు. చుక్క చుక్కగా వేశాడు. ఒక ఇనుప పుల్ల లోపలికి పెట్టి, చెవి తాళానికి ఆనించి, చిన్నపిల్ల గొంతు పరీక్షించే వైద్యుడిలా అటూ ఇటూ తిప్పాడు. టక్కున చప్పుడైంది. తలుపు వేలెడంత తెరుచుకుంది.

లోపల అమ్మ సరిగ్గా ఆ సందుకు ఎదురుగా నిలబడి ఉంది.

అతను లోపలికి చూడలేదు. పిలుపు లేని ఇంట్లోకి చూడకూడదని ముఖం పక్కకు తిప్పుకుని, తలుపు లాగి, అదే పుల్లతో మళ్లీ తాళం వేశాడు. రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. ఈసారి వెన్నలో కత్తిలా తిరిగింది.

అమ్మ మెల్లగా నాన్న వైపు తిరిగింది. "ఈ తాళం బాగు చేసింది మీరు కదూ?"

నాన్న టీ కప్పు వెనక దాక్కోబోయాడు గానీ కప్పు చిన్నది.

"నేనని ఎప్పుడన్నాను? మీరే చేశారా అని నువ్వు అడిగావు. నేను కాదనలేదు."

"ఇరవై రెండేళ్లు కాదనలేదా?"

"మధ్యలో కాదంటే బాగుండదు కదా!"

మామయ్య కదల్లేదు. ఎండ ఈ మెట్టు మీంచి ఆ మెట్టు మీదికి జరిగితే అతనూ జరిగాడు. పక్కనున్న కొళాయి దగ్గర వజూ చేసుకుని, తువ్వాలు పరిచి, అక్కడే మధ్యాహ్నం జుహర్ నమాజు చదివాడు, అక్కడే సాయంత్రం అసర్ చదివాడు. ప్రతి బండి చప్పుడుకీ తల ఎత్తి చూశాడు. పెదాలు ఎండిపోయాయి.

"వెళ్దాం పదమ్మా" అంది తొందర. "ఇప్పుడే. మామయ్య ఇంట్లో పెట్టె సర్దుకుంటూ ఉంటాడు."

"ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?"

"ఉన్నదాంతోనే."

"రేపు ప్రయాణం కదా అని పరిగెత్తుకొచ్చిందంటారు. ఎలా మొదలుపెట్టను? ఏమని పిలవను?" అంది అమ్మ కుర్చీలో కూర్చుంటూ. "రోజు పూర్తి కానీ. తర్వాత ఆలోచిద్దాం."

తర్వాత అంటే ఏమిటో తొందరకు తెలుసు. తర్వాత అంటే రాత్రయిందంటుంది, ప్రయాణం ముందు నిద్ర చెడగొట్టడమెందుకంటుంది, తెల్లారితే మామయ్య ఉండడు. ఎంత లాగినా అమ్మ కుర్చీలోంచి లేవలేదు.

పొద్దు గుంకుతోంది. అమ్మ మూడు ఖర్జూరాలు, గ్లాసెడు నీళ్లు ముందు పెట్టుకుంది. పాత మామయ్య కూడా మెట్టు మీంచి లేచాడు. ఉపవాసం విడవడానికి నీళ్ల కోసం కొళాయి వైపు, కిటికీకి కనపడని పక్కకు నడిచాడు.

తలుపు చప్పుడైంది.

"అస్సలాము అలైకుమ్. చెల్లీ."

తొందర వేళ్లు ఇంకా మడిచే ఉన్నాయి. పొద్దున మూడు. మూడు దాటితే తట్టని మనిషి. ఇది నాలుగు. పైగా పొద్దుటి గొంతులో ఈ బొంగురు లేదు.

చెప్పడానికి నోరు తెరిచింది. పుట్టాక మొదటిసారి, తెరిచిన నోరు మూసేసుకుంది. నాన్న కూడా ఏదో అనబోతే కాలు తొక్కింది.

అమ్మ ఖర్జూరం చేత్తో పట్టుకునే తలుపు దాకా వెళ్లింది. పాతవాళ్లకు వినపడదు కదా. వినపడని వాళ్లతో మాట్లాడటం సులువు.

"వ అలైకుముస్సలాం, అన్నయ్యా" అంది తలుపుతో. "పొద్దుట్నుంచీ కూర్చున్నావా? రమ్మన్నాను గానీ ఎందుకో చెప్పలేదు, తప్పు నాది. నువ్వు తలుపు తీసి కూడా లోపలికి చూడలేదు. అలాంటివాణ్ణి అబద్ధాలకోరు అన్నాను. ఎంత నోరు నాది! ఇన్నేళ్లుగా రోజూ ఈ తాళం తిప్పుతున్నాను, ఒక్క రోజు కూడా చప్పుడు చేయలేదు. అయినా నాకు బుద్ధి రాలేదు. మన్నించు. నా మాట మోసుకుంటూ అంత దూరం వెళ్లకు. నా వైపు నుంచి నీ మీద ఏమీ లేదు. ఎప్పుడూ ఏమీ లేదు."

అజాన్ మొదలైంది. గోడల ఆకుపచ్చ రంగు కరిగిపోయింది. పాత గడియారం ఆగిపోయింది. కొళాయి దగ్గర అలికిడి లేదు. అమ్మ కళ్లు తుడుచుకుని, ఖర్జూరం నోట్లో పెట్టుకుని వెనక్కి తిరిగింది.

తలుపు అవతల ఎవరో ముక్కు చీదారు.

"అయితే" అంది బొంగురు గొంతు, "లోపలికి రావచ్చా?"

అమ్మ ఖర్జూరం గింజ మింగినంత పని చేసింది. కూతురి వైపు చూసింది. తొందర తన పాదాలు ఎంత అందంగా ఉన్నాయో అప్పుడే గమనించినట్టు కిందికి చూస్తోంది.

తాళం చప్పుడు లేకుండా తిరిగింది.

గుమ్మంలో మామయ్య, జుట్టు సగం పోయి, మిగతా సగం నెరిసి, చేతిలో ఖర్జూరాల పొట్లం. అన్నాచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక ఇద్దరూ తాళాన్నే చూశారు.

"బాగానే తిరుగుతోంది" అన్నాడు మామయ్య.

"ఎవరు చేశారనుకున్నావ్?" అంది అమ్మ, ఏడుస్తూనే.

నాన్న ఎవరూ చెప్పకుండానే కొళాయి దగ్గరికి వెళ్లి, బావగారి కోసం గ్లాసులో నీళ్లు పట్టాడు. సన్నగా తిప్పి.

మామయ్య నీళ్లు తాగి, గోడకు ఆనుకుని, మేనకోడల్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "అంతా నీ వల్లే. ఆ రోజు నువ్వొక్క అరగంట ఆగి ఉంటే ఇంత జరిగేది కాదు."

"ఇవాళ ఆగానుగా, మామయ్యా" అంది తొందర.