నలభై ఏడో బొమ్మ

స్కానర్ మూత ఎత్తి, పేజీ తిప్పి, పుస్తకాన్ని గాజు మీద బోర్లించి, వెన్ను మీద ఎడమ అరచేయి ఆనించి అదిమింది వెలిచ్కా. గాజు కింద దీపం ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. మళ్ళీ మూత ఎత్తింది. నూట ముప్ఫై ఆరు, నూట ముప్ఫై ఏడు. పుస్తకం కొంచెం ఎత్తుగా ఉన్నా నడి మడతలోని అక్షరాలు వంకర తిరుగుతాయి. వాటిని యంత్రం తన ఇష్టం వచ్చినట్టు చదువుకుంటుంది. అందుకే అదమాలి, వెన్ను విరగకుండా అదమాలి. పదిహేడేళ్ళుగా ఆ అరచేతికి ఆ బరువు తెలుసు.

ఎదుటి బల్ల దగ్గర మెతోడి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, నిన్నటి పేజీలను కంప్యూటర్ గొంతులో వింటున్నాడు. అతను పెట్టుకునే వేగానికి ఆ గొంతు కళ్ళున్నవాళ్ళకు కీచురాళ్ళ రొదలా వినిపిస్తుంది. మెతోడికి మాత్రం అందులో తప్పు పడ్డ మాట రాయిలా తగులుతుంది.

"వెలిచ్కా! రాజుగారు బుట్టెక్కి యుద్ధానికి బయల్దేరారు. దిగమనవే తల్లీ."

"గుర్రం అయ్యుంటుందిలే. ఒక్క అక్షరమేగా తేడా."

"అయ్యుంటుంది కాదు, చూసి చెప్పు. ఈ రాజుని నమ్మలేం, నిన్న వంతెనని పెళ్ళాడాడు."

ఆమె పుస్తకం వెనక్కి తిప్పి చూసింది. గుర్రమే. వాళ్ళ భాషలో ఆ రెండు మాటలకూ నిజంగానే ఒక్క అక్షరమే తేడా. దిద్దింది. చూపులేనివాళ్ళ సంఘం మేడమీది ఆ గదిలో ఇద్దరి ఉదయాలూ ఇలాగే గడిచేవి. కిటికీ అవతల రూసే ఊరి పైకప్పులు, వాటి వెనక సన్నని బూడిదరంగు చారలా డాన్యూబు నది కనిపించేవి.

వెలిచ్కా పొట్టి మనిషి. భుజాలు ముందుకు వంగి ఉంటాయి. అరవై ఒకటో ఏట కూడా జుట్టు నల్లగానే ఉంది, పాపిట దగ్గర తప్ప. ఇక్కడికి రాకముందు ఇరవై రెండేళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో చివరి బల్ల దగ్గర నిలబడి చొక్కాలు పరీక్షించింది. తప్పు దొరికితే చీటీ మీద రాసి పిన్ను గుచ్చాలి. "ఎడమ చేతి పట్టీ, మూడో కుట్టు వదులు." అంతే. బాగుందనీ బాగోలేదనీ రాయకూడదు, ఉన్నది రాయాలి. ఫ్యాక్టరీ మూతపడ్డాక, కాగితాల పనికి ఓపికగల మనిషి కావాలని విని ఇక్కడికి వచ్చింది.

ఆమె భర్త గాంచో నదిలో ఇసుక తోడే పడవ మీద పనిచేసేవాడు. సాయంత్రం చిక్కుళ్ళ పులుసులో రొట్టె ముంచుకుంటూ, "ఇవాళేం చదివావే?" అని అడిగేవాడు.

"చదవలేదయ్యా, తిప్పాను" అనేది ఆమె.

అది అబద్ధమేమీ కాదు. వందల పుస్తకాలు ఆమె చేతుల మీదుగా వెళ్ళాయి. కథ ఎలా ముగిసిందని అడిగితే చెప్పలేదు, ఏ పేజీ మూల చిరిగిందో మాత్రం చెప్పగలదు. గాంచో పోయి పదకొండేళ్ళైంది. పిల్లలు లేరు. అడిగేవాళ్ళు లేకపోయినా చిక్కుళ్ళ పులుసు ఇప్పటికీ ఇద్దరికి సరిపడా కాస్తుంది. మిగిలింది మర్నాడు సీసాలో పోసి మెతోడికి తెస్తుంది.

ఆ శుక్రవారం పదకొండింటికి రాలిత్సా తలుపు తోసుకుని వచ్చింది. ఆర్నెల్ల క్రితం ఈ విభాగం బాధ్యత తీసుకున్న పిల్ల, ముప్ఫై దాటలేదు. ఎప్పుడూ పరుగే.

"వెలిచ్కా పిన్నీ, ఆల్బమ్ ఎంతదాకా వచ్చింది?"

"నలభై ఆరు అయ్యాయి."

"నూట పన్నెండులో నలభై ఆరేనా! రెండు వారాలైంది పిన్నీ. అందులో అచ్చు పది పేజీలు కూడా లేదు కదా."

అది పాత రూసే ఫొటోల పుస్తకం. ఒక్కో ఫొటో కింద ఒక్క వరుస: వీధి పేరు, సంవత్సరం. ఆ అక్షరాలను యంత్రం ఒక పూటలో మింగేసింది. ఫొటోలు దానికి వట్టి మరకలు. వాటిని మాటల్లో రాసే పని వెలిచ్కా పెట్టుకుంది, ఎవరూ చెప్పకుండానే.

"'ఇక్కడ ఫొటో ఉంది' అని రాసేస్తే సరిపోదూ?"

"భోజనానికి పిలిచి, 'ఇక్కడ పులుసు ఉంది' అని చెప్పి పంపించేస్తే సరిపోతుందా అమ్మాయ్?"

హెడ్‌ఫోన్లు ఉన్నా మెతోడి గట్టిగా నవ్వాడు. రాలిత్సా కూడా నవ్వింది గానీ, "సోమవారం దాకా చూస్తాను. ఆ తర్వాత నావల్ల కాదు, పాఠకులు అడుగుతున్నారు" అని వెళ్ళిపోయింది.

వెలిచ్కా ఆల్బమ్ తెరిచింది. నలభై ఏడో ఫొటో. రేవు, 1957 వేసవి.

మామూలు ఫొటోయే. తెల్లటి ప్రయాణికుల పడవ, గట్టు మీద టోపీల మగవాళ్ళు, ఒక సైకిలు. కుడి అంచున, గట్టు రాతి మీద కూర్చున్న ఆడమనిషి. తలకు రుమాలు, పక్కన అల్లిక బుట్ట, బుట్టలో కాగితపు పొట్లాలు నిలబెట్టి ఉన్నాయి.

వెలిచ్కా చేతులు మీటల మీద ఆగిపోయాయి.

మెతోడి వాళ్ళమ్మ రేవులో పొద్దుతిరుగుడు గింజలు అమ్మేది. అతనికి ఏడేళ్ళప్పుడు జ్వరం వచ్చి చూపు పోయింది. వర్నాలో అంధుల బడికి పంపించారు. అక్కడ ఉండగానే ఒక చలికాలం తల్లి పోయింది. ఇదంతా అతను ఎప్పుడో, రేడియోలో వాతావరణం చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. ఇంకో మాట కూడా అన్నాడు: "మొహం గుర్తులేదు. ఉందనుకున్నాను చాలా ఏళ్ళు. అది మా పక్కింటావిడ మొహమట."

ఫొటోలోని ఆవిడ మొహం నది వైపు తిరిగి ఉంది. చెంప అంచు తప్ప ఏమీ కనిపించదు. 1957లో ఆ రేవులో గింజలమ్మే ఆడవాళ్ళు ఎందరుండేవారో! చెబితే ఆ మనిషికి లేని ఆశ పెట్టినట్టు. చెప్పకుండా దాటేస్తే, ఉన్నది రాయనట్టు. ఆమె లేచి టీ కాచుకుంది. తాగకుండా దాన్ని చల్లారబెట్టింది. అరగంట ఆ అంచునే చూసింది.

తర్వాత కూర్చుని చొక్కాకు చీటీ రాసినట్టు రాసింది. ఎడమ నుంచి మొదలుపెట్టి పడవ, టోపీలు, సైకిలు రాసింది. చివర: "కుడి అంచున రాతి మీద కూర్చున్న స్త్రీ. చుక్కల రుమాలు. మొహం నది వైపు, కనిపించదు. బుట్టలో పదకొండు కాగితపు పొట్లాలు. పట్టీ చెప్పులు. ఎడమ చెప్పు పట్టీ పెట్టుకోలేదు, పక్కకు వేలాడుతోంది."

ఒక్క మాట కలపలేదు. ఒక్కటీ దాచలేదు. ఫైలును మెతోడి కంప్యూటర్‌కు పంపింది.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. ఆ వానలోనే పోస్టాఫీసుకు వెళ్ళి, పల్లెలో ఉండే ఒక పాఠకురాలికి పుస్తకం ఉన్న డిస్కు పంపి వచ్చింది. తిరిగి వచ్చేసరికి మెతోడి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేసి ఉన్నాడు. యంత్రం గొంతు వాటిలోంచి సన్నగా, మామూలు మనిషి మాట్లాడే వేగంలో వినిపిస్తోంది. అతను అంత నెమ్మదిగా వినడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఏ కాలన్నావ్?" అన్నాడు.

"ఎడమ."

"మళ్ళీ చూడు."

చూసింది. "ఎడమే మెతోడీ."

అతను చెయ్యి చాచి కంప్యూటర్ గొంతును ఆపేశాడు.

"ఆ కాలు వాచేది. మధ్యాహ్నానికల్లా పట్టీ తీసేసేది. నేను కింద, ఆవిడ కాళ్ళ దగ్గరే కూర్చునేవాణ్ణి కదా. నా కళ్ళకి ఎదురుగా ఉన్నది ఆ చెప్పే. మొహం పోయింది గానీ చెప్పు పోలేదు." కుర్చీ ఆమె వైపు తిప్పాడు. "చుక్కలు ఏం రంగు?"

"నలుపు తెలుపు ఫొటో. తెలీదు."

"తెలీకపోతే తెలీదను. మంచిది." బల్ల అంచును బొటనవేలితో రుద్దుతూ అడిగాడు: "పక్కన నేనున్నానా?"

వెలిచ్కా ఆల్బమ్ మీదకు వంగింది. బుట్ట అంచు దగ్గర ఫొటో తెగిపోయింది. ఆ తర్వాత తెల్ల కాగితం.

"బుట్ట దాటగానే ఫొటో అయిపోయింది మెతోడీ. అవతలేముందో ఇందులో లేదు."

"అయితే నేను అవతలే ఉన్నానన్నమాట. బుట్టకి అటుపక్కే కూర్చునేవాణ్ణి." అతని మొహం నిండా నవ్వు పరుచుకుంది. కళ్ళు తుడుచుకోలేదు. "పదకొండు పొట్లాలేనా? ఆరోజు బేరం బాగున్నట్టుంది."

అయిదింటికి వాన వెలిసింది. తడిసిన పైకప్పుల మీద పసుపు వెలుగు పడింది. వెలిచ్కా కోటు వేసుకుంటుంటే మెతోడి తల తిప్పకుండానే అన్నాడు: "సోమవారం నలభై ఎనిమిది. తొందరేం లేదు, నిదానంగా రాయి."

"రాస్తాలే. పులుసు సీసా కడిగి ఇవ్వు, ప్రతిసారీ నూనె జిడ్డుతో ఇస్తావ్."

"ఆజ్ఞ."

ఆమె బస్సెక్కకుండా, ఎన్నో ఏళ్ళ తర్వాత, రేవు మీదుగా నడిచి ఇంటికి వెళ్ళింది. గాంచో పడవ కట్టే చోట కాసేపు నిలబడింది. అక్కడ ఇప్పుడు ఐస్‌క్రీమ్ అంగడి ఉంది. ఒకటి కొనుక్కుని, నిలబడే తినేసింది.

ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని, చిక్కుడు గింజలు ఏరుతూ ఏరుతూ, పళ్ళెం పక్కన తల వాల్చింది. పొరుగింటావిడ తలుపు కొట్టేసరికి సాయంత్రమైంది. ఏరినవి ఒకవైపు, ఏరనివి ఒకవైపు ఉన్నాయి. గుండె అన్నారు డాక్టర్లు.

పూడ్చిపెట్టిన రోజు సంఘం వాళ్ళు తొమ్మిదిమంది వెళ్ళారు. పోయినవాళ్ళ పేరున ఇచ్చే గోధుమల ప్రసాదం అందరికీ పంచారు. మెతోడి తన వంతు కాగితంలో కట్టుకుని తెచ్చుకున్నాడు, తినలేదు.

ఆల్బమ్ నెలాఖరులో పాఠకులకు వెళ్ళింది. మిగిలిన అరవై అయిదు ఫొటోలకీ "ఇక్కడ ఫొటో ఉంది" అనే రాశారు. రాలిత్సా రెండు ఫొటోల దగ్గర ప్రయత్నించింది గానీ, ఏది ముందు చెప్పాలో ఆమెకు తెలియలేదు.

ఆ శుక్రవారం పోస్టాఫీసు నుంచి వచ్చి వెలిచ్కా నడవాలో ఆరబెట్టిన గొడుగు అలాగే తెరిచి ఉండిపోయింది. ఆమె పోయాక మొదటి రోజు మెతోడి చేతికర్రకు తగిలింది. ఎవరిదని అడిగాడు. ఊడ్చే ఆవిడ చెప్పింది. అతను వంగి, వేళ్ళతో పుల్లలు ఒక్కొక్కటే తడిమాడు. ఆ తర్వాత రోజూ దాని చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. ముడవమని ఎవరికీ చెప్పలేదు. నల్లటి పాత గొడుగు, వంకర పిడి. మూడో పుల్ల దగ్గర గుడ్డ ఊడితే, తెల్ల దారంతో దగ్గర దగ్గరగా వేసిన ఏడు కుట్లు.