మస్కట్టులో విరిచిన రొట్టె

బిట్రగుంట రైల్వే కాలనీ చివరనున్న ప్రార్థనామందిరంలో కరుణాకుమారి జ్ఞాపకార్థ కూడిక జరుగుతోంది. నర్సుగా కువైటు, మాల్టా, మస్కట్టు తిరిగివచ్చిన మనిషి ఆమె. ఏ దేశం కథ చెప్పినా అక్కడి ఎండ వినేవాళ్ల వీపుకు తగిలేది. అందుకే ఆమె చనిపోయిన నెల రోజులకు జనం ఆ కథలనే తిరిగి చెప్పుకుంటున్నారు.

"ఓడలో ఒక తెల్లాయనకు గోంగూర పచ్చడి పెట్టిందంట," అన్నాడు ఆమె అక్క కొడుకు సుశీల్ కుమార్. "ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటే, 'మా ఊరి ప్రార్థనలో గూడా ఇట్టనే ఏడుస్తారయ్యా' అనిందంట."

అందరూ నవ్వారు. ముందు బెంచీలోని అబిగయీలు నవ్వలేదు. రిటైరైన టీచరు, కరుణాకుమారికి యాభై ఏళ్ల స్నేహితురాలు ఆమె.

తరువాత సంఘ పెద్ద హెబ్రోను ప్రసంగ పీఠం ఎక్కాడు. "మస్కట్టు లేబరు క్యాంపులో మన దొరవారిసత్రం మనిషొకడు చావుబతుకుల్లో ప్రభువు బల్ల అడిగినాడు. పాస్టరు దొరకలా. కరుణమ్మే ప్రార్థన చేసి, రొట్టె విరిచి, ద్రాక్షరసం తాపింది. అట్టాంటి బిడ్డ మన సంఘంలో ఉండిందంటే మనకెంత గొప్ప."

అబిగయీలు లేచింది.

"హెబ్రోనన్నా, ఈ కథ ఆమె నోటితో ఇక్కడే చెప్పినప్పుడు మీరేం చేసినారు?"

"ఇప్పుడెందుకక్కా అవన్నీ."

"పాస్టరు కాని ఆడమనిషి రొట్టె విరిచిందని కమిటీ పెట్టి, ఆమెకు ప్రభువు బల్ల ఇయ్యకుండా ఆపినారు. పదకొండేళ్లు, ఆమె పోయేదాకా."

ఆ పదకొండేళ్లూ నెల నెలా ప్రభువు బల్ల రోజున రొట్టె పళ్లెం వచ్చినప్పుడు, కరుణాకుమారి దాన్ని రెండు చేతులా అందుకుని, తాను ముట్టకుండా పక్కవారికి అందించేది. పక్కన కూర్చునేది అబిగయీలే. తీసుకుని తినేది.

"తప్పు ఒప్పుకొని ఉంటే ఆ శిక్ష మేమే ఎత్తేసేవాళ్లం గదా," అన్నాడు హెబ్రోను. "అయినా నువ్వేం తక్కువక్కా? ఆ రోజు కమిటీలో నువ్వు గూడా చెయ్యెత్తినావు."

మందిరమంతా ఆమెవైపు తిరిగింది.

"ఎత్తినా. మిషను స్కూల్లో ఉద్యోగం పోతుందని ఎత్తినా. మినిట్సు బుక్కులో నా సంతకం ఉండాది. ఎందుకెత్తినావని ఆమె ఒక్కసారి గూడా నన్ను అడగలా. అదే నన్ను తింటా ఉండాది."

అబిగయీలు కర్ర ఊనుకుంటూ వెళ్లి, పీఠం ముందు జనానికి ఎదురుగా నిలబడింది. తప్పు చేసినవారు క్షమాపణ అడిగే చోటు అది.

"తప్పు చేసినోళ్లు ఈడ నిలబడాలనేది మీరు పెట్టిన పద్ధతే. చేతులెత్తినోళ్లలో మీతో కలిపి నలుగురం మిగిలినాం. రండి. ఆ తీర్మానం కొట్టేసినాక ఆమె కథలు చెప్పుకుందురు."

ఆ నలుగురిలో ఒకరైన పరంజ్యోతి కొంగు సర్దుకుంటూ లేచి వచ్చింది. "ఈ మోకాళ్లతో ఎంతసేపు నిలబెడతావో ఏమో," అని గొణుగుతూ మూడో మనిషి జకరయ్య ఆమె వెనకే నడిచాడు.

"భోజనాలు చల్లారతుండాయి. ముగింపు ప్రార్థన చేసుకుందాం," అని హెబ్రోను కళ్లు మూసుకున్నాడు.

ప్రార్థన ముగిసింది. ఆమేన్ అనే గొంతు ఒక్కటీ లేవలేదు. ఆయన కళ్లు తెరిచాడు. ఒక్క తలా వంగి లేదు. జేబులోంచి బీరువా తాళంచెవి తీసి, "బుక్కు అందులో ఉండాది. కొట్టేసుకోండి," అంటూ అబిగయీలు వైపు చాచాడు.

ఆమె చెయ్యి చాపలేదు.

"తాళం తర్వాత, అన్నా. ముందు మీరు కిందికి దిగండి."