లెక్కకు రాని నష్టం

...అబద్ధమే అయితే ఆ టెక్సాస్ మనిషి వారం వారం ఇంత ఓపిగ్గా సలహాలు ఎందుకు రాస్తాడు, అనుకున్నాడు రస్. ఓపిగ్గా రాసేవాడు అబద్ధం చెప్పకూడదని ఎక్కడుంది, అని వెంటనే తనకు తనే ఎదురు చెప్పుకున్నాడు. టోస్టు చల్లారిపోయింది. లేచి ఫ్రిజ్ తలుపు తీశాడు. ఎందుకు తీశాడో గుర్తురాక మూసేశాడు.

ఇంకాసేపట్లో నోలీన్ పనికి బయలుదేరుతుంది. ఆలోగా అతను భార్యకు ఒక్క మాట చెప్పాలి. ఆ మాట ‘సరే’ అయితే ఆమె ఇవాళే వృద్ధాశ్రమం లాండ్రీలో ఉద్యోగం మానేస్తుంది. తన రిటైర్మెంట్ సొమ్మంతా షేర్ల ధరల మీద పందెం లాంటి ఆప్షన్ల ట్రేడింగులో పెట్టి, ఆ మనిషి అమెరికా నుంచి నడిపే సలహాల సర్వీసు చెప్పినట్టు నడుపుతుంది. తడి దుప్పట్లు ఎత్తీ ఎత్తీ ఆమె కుడి భుజం పాడైపోయింది. ఈమధ్య ఎడమ చేత్తోనే తల దువ్వుకుంటోంది. అద్దం ముందు ఆమెను అలా చూసినప్పుడల్లా ఆ సర్వీసు మరికాస్త నిజమనిపించేది. అలా అనిపిస్తోందని అతను గమనించాడు కూడా. గమనించి, అక్కడితో వదిలేశాడు.

ఫోన్ మోగింది. బార్నీ. రేవులో ఓడల్ని లాగే టగ్గు పడవ మీద కలిసి పనిచేసినవాడు. ఈ సర్వీసు సంగతి మొదట చెప్పింది వాడే.

“ఏరా, ఇంకా పరిశోధనేనా? పెళ్లికూతుర్ని చూసి రమ్మంటే పళ్లు లెక్కపెట్టే రకంరా నువ్వు.”

“బ్రోకర్ ఇచ్చే స్టేట్‌మెంట్ చూపించమని రాశాను. చూపించలేదు.”

“మరేం పంపాడు?”

“చేరినవాళ్ల పొగడ్తలు. ఒహాయోలో ఒక పళ్ల డాక్టరు పడవ కొన్నాడట.”

“చూశావా మరి!”

“పడవ ఫోటో చూశాన్రా. ఖాతా చూడలేదు. ఇంతకీ నీకు నిజంగా ఏమైనా మిగిలిందా?”

“వాడు చెప్పిన ధరకి నాకెప్పుడూ దొరకలేదనుకో. వాడు మెసేజ్ పెట్టేసరికి మనమిక్కడ గుర్రు పెడుతుంటాం. అది వాడి తప్పా? భూగోళానికి ఈ పక్క, పోర్ట్ పిరీలో పుట్టడం మన తప్పు.”

రస్ నవ్వాడు. ఫోన్ పెట్టేశాక మాత్రం కూర్చోలేకపోయాడు. సింకు దాకా వెళ్లాడు, కిటికీ దాకా వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. బార్నీ చెప్పిన సాకు తనదే. నెలల తరబడి, తేడా కనిపించిన ప్రతిచోటా తను చెప్పుకున్నది అదే: అమెరికా మార్కెట్ నడిచేది మనం నిద్రపోయే వేళ, లేచేసరికి అంతా అయిపోతుంది. హాయైన జవాబు. దాంతో ఎవరినీ అబద్ధాలకోరు అనక్కర్లేదు.

ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. సర్వీసువాళ్ల ఫలితాల పేజీ. అన్నీ లాభాలే, అన్నీ ఆకుపచ్చగానే. మార్చిలో వాళ్లు చెప్పిన ఒక ట్రేడును అతను డబ్బు పెట్టకుండా కాగితం మీదే నడిపి చూశాడు. ఆ గనుల కంపెనీ షేరు దబ్బున పడింది. అతని కాగితం మీద అది పెద్ద నష్టం. ఈ పేజీలో మాత్రం నష్టమే లేదు. ఆ ట్రేడు వరుసలో, దాన్ని ముగించకుండా గడువు ఏప్రిల్‌కు జరిపినట్టు ఉంది. ఏప్రిల్ నుంచి మేకి, తర్వాత జూన్‌కి. ముగిసిన ట్రేడులే లెక్కలోకి వస్తాయని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. నష్టమొచ్చినదాన్ని ఎన్నటికీ ముగించకపోతే అది ఎన్నటికీ నష్టం కాదు.

ఇందులో నిద్ర ఊసెక్కడుంది? నెలల తరబడి ఎవడూ నిద్రపోడు.

కొత్తగా కనిపెట్టిందేమీ కాదిది. పోయిన వారం ఈ వరుస చూశాడు. ఇవాళ పొద్దున కూడా చూశాడు. రెండుసార్లూ వేలు దానంతటదే పేజీని కిందికి జరిపేసింది. వాళ్లకు రాసిన ప్రశ్నలన్నీ ఎందుకు రాసినట్టు? రుజువు కోసమా, ఇంకొన్నాళ్ల గడువు కోసమా?

“ఏం ప్రొఫెసరుగారూ, తేలిందా?” నోలీన్ యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ వంటింట్లోకి వచ్చింది. “ఇవాళ్టితో వాళ్ల చందా డిస్కౌంటు గడువూ సరి, నా భుజం బాధా సరి.”

రస్ చెయ్యి ల్యాప్‌టాప్ మూతను సగం దాకా దించేసింది.

“టీ పెట్టనా?”

“నేనడిగింది టీ కాదు రస్. మేనేజరమ్మకి చెప్పెయ్యనా, వద్దా? చెప్పేటప్పుడు దాని మొహం ఎలా మారుతుందో కూడా ఊహించేసుకున్నాను తెలుసా!” నవ్వుతూ ఎడమ చేత్తో కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆ నవ్వు చూడలేక బల్లమీద రొట్టె పొడి కేసి చూశాడు. వద్దంటే ఆమెను మళ్లీ ఆ తడి దుప్పట్ల దగ్గరికి పంపేది తనే అవుతాడు. టోపీ పెట్టుకుని వీడియోల్లో నవ్వే ఆ టెక్సాస్ మనిషి కాదు. ఇన్నాళ్లూ తను భయపడింది మోసానికి కాదేమో. ‘వద్దు’ అన్న మాట తన నోటితో చెప్పాల్సి వస్తుందనేమో.

“ఏంటలా ఉన్నావ్?” అంది నోలీన్. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

రస్ మూత పైకెత్తాడు. ల్యాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పి, మార్చి వరుస మీద వేలు పెట్టాడు.