పక్కకు తప్పుకునే రూపశ్రీ

తిరుపతిలో మా కాలేజీ అమ్మాయిల హాకీ జట్టు ఆ ఏడు గోల్సు కొట్టడంలో ఎవరికీ తీసిపోలేదు. గోల్సు కొట్టించుకోవడంలో అంతకన్నా ముందుంది. గోలు దగ్గర నిలబడేది నేనే, లోకేశ్వరిని. కాళ్లకు పరుపుల్లాంటి ప్యాడ్లు, మొహానికి జాలీ కట్టుకుని నిలబడినా బంతులు జల్లెడలో నీళ్లలా దూరిపోయేవి. దోషం నాది కాదు, నా ముందు కాపలా కాసే రూపశ్రీది. మిగతా వేళల్లో పులి. ఎదుటి పిల్ల బంతితో దూసుకొస్తే మాత్రం, వియ్యపురాలికి దారి ఇచ్చినట్టు మర్యాదగా పక్కకు తప్పుకుంటుంది.

చిత్తూరు మ్యాచ్‌కు పోతూ పూతలపట్టులో టీకి బస్సు ఆపినప్పుడు కోచ్ ప్రసన్నకుమారి మేడమ్ తేల్చేసింది.

“సూడు రూపా, ఈ పొద్దు గూడా తప్పుకున్నావంటే సీజనంతా బెంచీ మీదే. నీ జాగాలో పల్లవి ఆడుతుంది.”

రూపశ్రీ చేతిలో బజ్జీ ఆగిపోయింది. హాకీ లేకపోతే ఆ పిల్లకు కాలేజీయే అక్కర్లేదు.

“నేనేం చేసేది మేడమ్? మాది చంద్రగిరి పక్క పల్లె. పశువుల పండక్కి వీధిలోకి ఎద్దుల్ని వదిల్తే ఎదురు నిలబడేదెవురు? పేగులు బయటికొస్తాయి! ముందు పక్కకు జరగాల. నడక కంటే ముందు మా నాయన అదే నేర్పించినాడు.”

“జరిగి?”

“జరిగి, ఎద్దు పక్కనే పరిగెత్తతా కొమ్ములకు బహుమానంగా కట్టిన పలక పెరుక్కోవాల.”

“నువ్వెప్పుడన్నా పెరికినావా?”

రూపశ్రీ అటూ ఇటూ చూసింది. “రెండు. నాయనకు చెప్పొద్దండి.”

మేడమ్ టీ గ్లాసు ఠప్పున పెట్టింది. “మరి ఇన్నాళ్లూ జరిగి ఊరికే నిలబడినావు గదే! జరుగు, పెరుక్కో!”

చిత్తూరు జట్టులో స్రవంతి అని ఒకతె, గాలివాన. ఆట మొదలవగానే బంతితో మా మీదికి వచ్చింది. రూపశ్రీ ఎప్పట్లాగే తప్పుకుంది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి స్రవంతి నా ముందు కర్ర ఊపుతూ ఉంది.

“అక్కా, బంతి యాడ?”

“నన్నడుగుతావేమే? ఆడ సూడు!”

బంతి రూపశ్రీ కర్రకు అతుక్కుని మైదానం అవతలికి పోతోంది. ఆట పొడుగునా ఇదే తంతు. నవ్వాగక మేమూ గోలు కొట్టలేకపోయాం.

ఇంక ముగుస్తుందనగా మళ్లీ బంతి పెరికిన రూపశ్రీకి ఒళ్లు తెలియలేదు. దాన్ని చేత్తో నెత్తి మీదికెత్తి, “దొరికిందే!” అని కేకేస్తూ జనంలోకి పరుగు తీసింది. విజిల్ మోగింది. ఆ తప్పుకు వాళ్లకు పెనాల్టీ కార్నర్, మా గోలు మీదికి గురిపెట్టి కొట్టే అవకాశం. మేడమ్ నెత్తి పట్టుకుంది. స్రవంతి బలంగా కొట్టింది. బంతి ఎటునుంచి వచ్చిందో నాకు తెలియదు గానీ, నా ప్యాడుకు తగిలి బయటికి పోయింది. సున్నా, సున్నా. ఆట అయిపోయింది.

మేం రూపశ్రీని ఎత్తుకుని గంతులేస్తుంటే స్రవంతి నోరెళ్లబెట్టింది. “ఏమ్మే, గెలిచినారా మీరు?”

“లేదు, ఓడలేదు!”

మేడమ్ దూకుడుగా వచ్చింది. “రూపా! వచ్చే మ్యాచ్‌లో బంతిని చేత్తో ఎత్తినావంటే చేతులు కట్టేసి ఆడిస్తా!”

రూపశ్రీ చెవిలో ‘వచ్చే మ్యాచ్’ ఒక్కటే పడింది. “ఇంకోసారి తిట్టండి మేడమ్!” అంటూ బస్సు దాకా వెంటపడింది.