కుట్లు విప్పిన పద్నాలుగు నెలలు

"అక్కా, పోయినేడు మీ అమ్మాయికి కుట్టిచ్చానే, పూల గౌను, అది ఉందా? ఒక్కరోజు ఇస్తారా?"

గుమ్మంలో నిలబడి అడుగుతున్నది ఆ వీధి దర్జీ ఆవిడ. లోపలినుంచి వచ్చిన ఇల్లాలు తడిచేతులు తుడుచుకుంటూ ఆశ్చర్యపోయింది.

"ఉంది. ఏం, ఎక్కడైనా ఊడిందా? మాకేం కనబడలేదే!"

"ఊడలేదక్కా. నేనే ఒకసారి విప్పి మళ్ళీ కుడదామని. మీరేం ఇవ్వక్కర్లేదు. రేపు సాయంత్రానికల్లా ఇస్త్రీ చేసి మరీ తెచ్చిస్తాను."

"నీకేమన్నా పిచ్చా? కుట్టింది బాగానే ఉంటే విప్పడమెందుకు?" అని నవ్వుతూనే ఆ ఇల్లాలు గౌను తెచ్చి చేతిలో పెట్టింది.

ఇది చూసినవారెవరైనా, ఆహా, పనంటే ఎంత శ్రద్ధ అనుకుంటారు. చదువుతున్న మీరూ అనుకునే ఉంటారు. దయచేసి అనుకోకండి. ఆ గౌను విప్పిన రోజుకి ఆవిడ ఇంట్లో ఒక బిడ్డ ప్రాణం రోజులు లెక్కపెడుతోంది. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను.

ఆమెకు ఒకే కాన్పులో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. రొమ్ము కిందనుంచి బొడ్డుదాకా అంటుకుని, ఒకరి ముఖంలోకి ఒకరు చూసుకుంటూ పుట్టారు. తండ్రి బస్సు డిపోలో మెకానిక్కు, సరదా మనిషి. గుక్కపట్టి వార్డంతా దద్దరిల్లేలా ఏడ్చినదానికి కాకి అనీ, కళ్ళు మాత్రం తిప్పుతూ ఊరుకున్నదానికి గువ్వ అనీ అక్కడికక్కడే పేర్లు పెట్టేశాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ దంపతులిద్దరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది.

"కాలేయం ఇద్దరికీ కలిసి ఉంది. కంగారేం లేదు, విడదీయొచ్చు. గువ్వ గుండెలో మాత్రం చిన్న చిల్లు ఉంది. విడదీశాక దాన్నీ సరిచేస్తాం. ఎనిమిదో నెల రాగానే తీసుకురండి. ఖర్చంతా ఆసుపత్రిదే. ఆలస్యం మాత్రం చెయ్యొద్దమ్మా, ఆ గుండె ఎక్కువకాలం తట్టుకోదు."

ఇంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు చెప్పండి? ఇద్దరూ తలలూపి ఇంటికొచ్చారు.

ఇంట్లో అత్తగారుంది. ముప్పై ఏళ్ళు మిషను తొక్కిన మనిషి. కోడలికి కత్తెర పట్టుకోవడం నేర్పింది ఆవిడే. పనిలో ఆవిడ మాటకి కోడలు ఏనాడూ ఎదురు చెప్పి ఎరగదు. చెడ్డ మనిషీ కాదు. పిల్లల్ని మొదటిసారి ఒళ్ళోకి తీసుకున్నప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీదుకుని, అనకూడని మాట అనేసింది.

"కడుపుతో ఉన్నన్నాళ్ళూ మిషను దిగలేదు కదే! వద్దు వద్దంటే విన్నావా? నొప్పులొస్తున్నా చొక్కాకి కాజాలు తీస్తూ కూర్చున్నావు. గుడ్డకీ గుడ్డకీ కుట్టేసి, లోపల బిడ్డకీ బిడ్డకీ కూడా కుట్టేశావు."

ఆ మాట కోడలి గుండెలో దిగబడిపోయింది. దర్జీపని చేసే ఆమెకు బిడ్డల పొట్టలు కలిసినచోట సన్నగా మెరిసే చర్మపు గీత అచ్చం మిషను కుట్టులాగే కనబడింది.

చుట్టుపక్కలవాళ్ళు ఊరుకుంటారా? పిల్లల్ని చూసే నెపంతో వరసకట్టారు. ఒకావిడ, కవల అరటిపండు తిన్నావా అని అడిగింది. ఇంకొకావిడ, అద్దం ముందు ఎక్కువసేపు కూర్చునేదానివా అంది. ఆ పిల్లలకి పాలు పట్టడం ఎలా, పడుకోబెట్టడం ఎలా, ఆసుపత్రికి తోడు రావాలా అని అడిగినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు లేరు. ఎవరికి వారు తీర్పరులే.

ఒకరోజు అత్తగారే దారి కూడా చూపించింది.

"కలిపింది నువ్వు. విప్పాల్సిందీ నువ్వే. ఆ తొమ్మిది నెలల్లో కుట్టినవన్నీ కుట్టుకుట్టూ విప్పి మళ్ళీ కుట్టివ్వు. అప్పుడు తీసుకెళ్ళండి ఆసుపత్రికి. ఒక్కటి మిగిలున్నా, కత్తి పెట్టించారంటే బిడ్డలు దక్కరు. నా మాట విను."

"అమ్మ చెబుతోంది కదా, అదొక్కటీ అయిపోనీ. డాక్టర్లు ఎక్కడికి పోతారు?" అన్నాడు మెకానిక్కు. ఇంజను నూనె కారుతుంటే పూటైనా ఆగని మనిషి, కన్నబిడ్డ గుండె దగ్గరికొచ్చేసరికి ఆగుదామన్నాడు.

కొలతల పుస్తకం తీశారు. ఎవరికి ఏం కుట్టిందో అంతా అందులో ఉంది. చొక్కాలు, గౌన్లు, దిండు గలీబులు, బడిపిల్లల యూనిఫారాలు, ఒక క్లినిక్కుకి కర్టెన్లు. మొత్తం నూట ముప్పై ఎనిమిది. పొద్దున్నే పిల్లలిద్దరికీ పాలు పట్టి, అత్తగారికి అప్పగించి, ఆమె వీధిన పడేది. ఇచ్చినవాళ్ళు ఇచ్చారు. ఇవ్వనివాళ్ళ కాళ్ళు పట్టుకుంది. ఒక గుమాస్తా చొక్కా ఒంటిమీదే ఉంటే, అతను బనియనుతో కూర్చుని పేపరు చదువుకునే లోపల అరుగుమీదే విప్పి చేత్తో కుట్టేసింది. బ్లేడు కోసుకుని వేళ్ళన్నీ గీతలు పడ్డాయి. రాత్రింబవళ్ళు ఇదే ధ్యాస. ఆ కష్టంలో సగం ఆసుపత్రి మెట్లెక్కడానికి పెట్టి ఉంటే ఈ కథే లేదు.

ఎనిమిదో నెల వచ్చింది, వెళ్ళిపోయింది. నర్సు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి తలుపు తట్టింది. "చుట్టాలింటికి వెళ్ళారమ్మా" అని అత్తగారు వాకిట్లోంచే పంపేసింది. రెండోసారి వస్తే తలుపే తియ్యలేదు.

కాకి ఒళ్ళు చేసింది. గువ్వ మాత్రం చిక్కిపోయింది. ఏడిస్తే పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగేవి. కాకి ఆ పెదాలని వేళ్ళతో పట్టుకుని లాగి కిలకిలా నవ్వేది. గువ్వ ఏడుపాపి దాని వేలు చప్పరించేది. మనసున్నవాళ్ళెవరికైనా ఆ ఇద్దర్నీ చూస్తే ముచ్చటేసేది. అలా చూసినవాళ్ళేరీ!

పదకొండో నెలకి నూట ముప్పై ఏడు అయ్యాయి. మిగిలింది ఒకే ఒక్క ప్యాంటు. అది కుట్టించుకున్న కండక్టరు ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్ళిపోయాడు.

"ఇక చాలు, వెళ్దాం అత్తయ్యా. గువ్వ ఆయాసపడుతోంది" అంది కోడలు.

"ఇంత చేసి ఒక్కదాని దగ్గర పాడుచేసుకుంటావా? వాడి చిరునామా కనుక్కోలేరూ?" అంది అత్తగారు.

కనుక్కోవడానికి మూడు నెలలు పట్టింది. డిపోలో పదిమందిని అడిగి మెకానిక్కు ఎలాగో ఉత్తరం రాశాడు. దానికి జవాబు రాకముందే, ఒక మధ్యాహ్నం అన్నాలవేళ, గువ్వ తల వాల్చేసింది. కాకి దాని జుట్టు పట్టుకుని లేపుతూ ఏడుస్తోంది.

ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తారు. వెళ్ళేసరికే గువ్వ గుండె ఆగిపోయింది. ఇద్దరి రక్తం ఒక్కటే కాబట్టి, ఆలస్యమయ్యేకొద్దీ రెండోదీ చేజారిపోతుంది. డాక్టర్లు అప్పటికప్పుడు విడదీశారు. ఆరు గంటలు పట్టింది. కాకి బతికింది.

మూడో రోజు డాక్టరమ్మ కాకి మంచం దగ్గరికి వస్తే తల్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఒక్క ప్యాంటు విప్పలేకపోయాను డాక్టరమ్మా. అందుకేనా పోయింది?"

డాక్టరమ్మకి అర్థం కాలేదు. గుచ్చి గుచ్చి అడిగితే విషయమంతా బయటపడింది. విన్నాక ఆవిడ పక్కనున్న స్టూలు లాక్కుని తల్లికి ఎదురుగా కూర్చుంది.

"విను తల్లీ. కవలలు రెండు రకాలు. నీ పిల్లలు ఒకే పిండంనుంచి వచ్చినవాళ్ళు. ఆ పిండం మొదటి వారం పదిరోజుల్లో రెండుగా చీలితే ఇద్దరూ విడివిడిగా పుడతారు. ఎప్పుడో లక్ష కాన్పుల్లో ఒకటో రెండో, అది ఆలస్యంగా, పదమూడో రోజు దాటాక చీలడం మొదలుపెట్టి సగంలో ఆగిపోతుంది. అదీ జరిగింది. ఎందుకు ఆగుతుందో మాకూ పూర్తిగా తెలీదు. కానీ పదమూడో రోజుకి నీకు నెల కూడా తప్పలేదు. నీ కడుపులో ఉన్నది ఆవగింజలో పదో వంతు కూడా లేదు. నువ్వు కడుపుతో ఉన్నావని నీకే తెలీదు, మీ అత్తగారికి అసలే తెలీదు. ఆ తర్వాత నువ్వు మిషను తొక్కినా ఒకటే, కాలు మీద కాలేసుకుని కూర్చున్నా ఒకటే. నీ సూదికీ దీనికీ ఏ సంబంధమూ లేదమ్మా."

"మరి ఎనిమిదో నెలలో తీసుకొచ్చి ఉంటే?"

డాక్టరమ్మ తలదించుకుంది. అబద్ధం చెప్పి ఓదార్చడం ఆవిడకి చేతకాలేదు.

"ఇద్దర్నీ ఇంటికి తీసుకెళ్ళేదానివి."

కాకిని ఇంటికి తెచ్చారు. నిద్రలేవగానే అది ముఖానికి ఎదురుగా చెయ్యి చాపి తడుముకుంటుంది. ఏమీ తగలకపోతే ఏడుస్తుంది. పలకరించడానికి వచ్చినవాళ్ళతో ముందుగది నిండిపోయింది. అవే ముఖాలు. తొలినాడు అరటిపండు సంగతి అడిగిన ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని, నోరు చప్పరించి మళ్ళీ మొదలుపెట్టింది.

"ఎవరి తప్పు తగిలిందో ఏమో, పాపం, పసిదాన్ని పొట్టన పెట్టుకుంది."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది. మెకానిక్కు గుమ్మంలో నిలబడి చెప్పులవైపు చూస్తున్నాడు. తల్లి కాకిని భుజానికెత్తుకుని లేచి వాళ్ళ మధ్యకి వచ్చింది. గొంతు పెంచలేదు.

"గువ్వ అలా పుట్టడంలో ఎవరి తప్పూ లేదు పిన్నీ. డాక్టరమ్మ చెప్పింది. అది చచ్చిపోవడంలో మాత్రం మన అందరి తప్పూ ఉంది. నన్నన్న అత్తయ్యది ఉంది, ఆగుదామన్న ఈయనది ఉంది, వచ్చి చూసి, తలోమాటా అని వెళ్ళిన మీది ఉంది. అందరికంటే ముందు, ఆ మాటలు నమ్మి బిడ్డని వదిలేసి గుడ్డలు విప్పుకుంటూ కూర్చున్న నాది ఉంది."