వంటింటి పక్క ఐదో తరగతి

మా వీధిలో మగవాళ్ళు భార్యాపిల్లల్ని ఊళ్ళో "దించి రావడం" అనే మాట చాలా మామూలుగా అంటారు, బస్సు మీంచి సామాను దించినట్టు. పరాయి దేశంలో పిల్లలు ఎదిగేకొద్దీ ఖర్చూ ఎదుగుతుంది. పాలడబ్బాతో మొదలై బడి ఫీజు దగ్గరికి వచ్చేసరికి జీతం చేతులెత్తేస్తుంది. అప్పుడు కుటుంబాన్ని ఊరు చేర్చి, మగమనిషి ఇంకో నలుగురితో కలిసి ఒక గదిలో సర్దుకుంటాడు. ఒక్క ఏడాదే అంటారు అందరూ. అలా దిగినవాళ్ళు మళ్ళీ రావడం నేనైతే చూడలేదు.

మా ఆయన లిఫ్టు మెకానిక్. ఆ ఏడు వాళ్ళ కంపెనీ పిల్లల ఫీజులు ఇవ్వడం మానేసింది. మరుసటి ఏడు ఆయనకు గ్రేడు మారి జీతం పెరుగుతుంది, అప్పుడు ఇద్దరి ఫీజూ మేమే కట్టుకోగలం. ఈ ఒక్క ఏడాదికి మాత్రం ఒక్కరిదే కట్టగలం. ఆ సంగతి నాకు చెప్పకుండా ఆయన రెండు పెద్ద అట్టపెట్టెలు మోసుకొచ్చి మంచం కిందకి తోశారు.

"ఇవెందుకు?" అన్నాను.

"అడక్కుండా ఉండలేవా?"

"ఉండలేను."

అప్పుడు నీళ్ళు నములుతూ విషయం బయటపెట్టారు. పక్కగదిలోంచి అంతా విన్న మా పెద్దమ్మాయి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అది పదో తరగతిలోకి వస్తోంది.

"నేను మానేస్తాలే అమ్మా. తమ్ముణ్ణి పంపండి," అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ మాట అంత తేలిగ్గా దాని నోట్లోకి ఎలా వచ్చిందా అని. "నిన్నెవరైనా త్యాగం చెయ్యమని అడిగారా? పో, పుస్తకం తియ్యి," అన్నాను. ఆయన వైపు తిరిగాను. "పదో తరగతి చెప్పడం నావల్ల కాదు. ఐదో తరగతి అవుతుంది. బుడ్డోడు ఇంట్లో ఉంటాడు. నేను చెప్తాను."

మా ఆయన నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నారు. "వచ్చే ఏడు ఆరో తరగతికి పరీక్ష పెడతారు. వాడు తప్పితే సీటివ్వరు. అప్పుడేం చేస్తావు?"

"అప్పుడు మీరు చెప్పినట్టే ఊరెళ్ళిపోతాం. పెట్టెలు నేనే సర్దుతా."

సంగతి తెలిసి మా అత్తగారు ఫోన్ చేశారు. "ఆడపిల్లకి ఫీజు కట్టి మగపిల్లాణ్ణి ఇంట్లో కూర్చోబెడతావా? నలుగురూ నవ్వుతారే."

"నవ్వనివ్వండి అత్తయ్యా. నవ్వుకి ఫీజు లేదుగా," అన్నాను. ఆవిడ ఫోను మావయ్యగారి చేతికిచ్చేశారు.

భోజనాల బల్లే మా బడి అయింది. నేను వంటింట్లో, వాడు హాల్లో. ప్రతి లెక్కకీ పొయ్యి వదిలి వెళ్తే కూర మాడిపోతోంది, వెళ్ళకపోతే వాడు కిటికీలోంచి వచ్చేపోయే కార్లు చూస్తున్నాడు. అందుకని ఒక పద్ధతి పెట్టాను. లెక్క చేశాక, వచ్చిన జవాబు నుంచి వెనక్కి చేసుకుంటూ సరిచూసుకోవాలి. నమ్మకం కుదిరాక బల్ల చరిచి "అయిందమ్మా" అని కేకెయ్యాలి. నేను వెళ్ళేసరికి తప్పుందా, మళ్ళీ మొదట్నుంచి చెయ్యాల్సిందే.

నాకు ఓపిక తక్కువ. భిన్నాల దగ్గర నేను అరిచిన అరుపులకి వాడు బల్ల కిందకి దూరి, "నాకు వేరే టీచర్ కావాలి," అన్నాడు. "ఈ బళ్ళో ఇంకో టీచర్ లేదు," అన్నాను గానీ, ఆ మధ్యాహ్నమంతా నాకు ఏడుపొస్తూనే ఉంది. నా పంతానికి వాడి చదువు చెడుతుందేమోనని భయం పట్టుకుంది. సాయంత్రం అక్క బడి నుంచి వచ్చి, ఒక రొట్టె కోసి వాడి ముందు పెట్టి, "సగంలో సగం తిను," అంది. వాడు తిన్నాడు. "ఇప్పుడెంత మిగిలింది?"

"ముప్పావు," అన్నాడు నోటినిండా పెట్టుకుని.

ఆ రోజు నుంచి ఇంగ్లీషూ సోషలూ దానికి అప్పగించాను. నేనే నయం అనిపించేంత కచ్చితమైన టీచరమ్మ అది. సెలవురోజున సైన్సు వాళ్ళ నాన్న చెప్పేవారు. ఏ పాఠం ఎత్తుకున్నా చివరికి లిఫ్టు దగ్గరే తేలేది. చెట్టులో నీళ్ళు పైకెక్కడం కూడా.

పరీక్ష రోజు రానే వచ్చింది. దారిపొడుగునా మా ఆయన వాడికి నూరిపోశారు. "పోయినేడు ఎక్కడ చదివావంటే ఊళ్ళో అని చెప్పు. ఇంట్లో అన్నావంటే పరువు పోతుంది." నాకు నచ్చలేదు. కానీ ఆ పూట గొడవెందుకని ఊరుకున్నాను.

పరీక్ష గది బయట వరండాలో తల్లిదండ్రులకి కుర్చీలు వేశారు. లోపల పిల్లలు చప్పుడు లేకుండా రాస్తున్నారు. ఇంతలో బల్ల మీద ధబీమని ఒక చరుపు. వెంటనే, "అయిందమ్మా."

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అన్నీ నేర్పాను, పదిమందిలో కూర్చుని నోరు మూసుకుని రాయాలన్న సంగతి మాత్రం చెప్పాలని తోచనే లేదు. ఏడాదిగా వాడు పదిమందిలో కూర్చున్నదెక్కడ? కాసేపటికి మళ్ళీ ధబీమంది. మళ్ళీ "అయిందమ్మా." ఎవరో గదమాయించారు, పిల్లలు కిసుక్కున నవ్వారు. మా ఆయన తల పట్టుకున్నారు. ఆ తర్వాత చరుపు ఒక్కటే చిన్నగా వినిపించింది. కేకని నోట్లోనే మింగేశాడని అర్థమై నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పరీక్షయ్యాక ప్రిన్సిపాల్ మమ్మల్ని మాత్రమే లోపలికి పిలిచారు. ఇక ఊరికి ప్రయాణమేననుకున్నాను.

ఆవిడ ముందు వాడి పేపరుంది. "పరీక్షలో కేకలేసిన పిల్లాణ్ణి ఇన్నేళ్ళలో ఇప్పుడే చూడటం," అన్నారు. "కేకేసిన లెక్కలన్నీ నేనే దిద్దాను. అన్నీ రైటే. కేకెయ్యనివి కూడా. ప్రతి లెక్క పక్కనా వెనక్కి చేసి సరిచూసుకున్నాడు. మా పెద్ద క్లాసుల పిల్లలకి ఈ అలవాటు చెయ్యడానికి మేం నానా తంటాలు పడుతున్నాం. ఏ బడి బాబూ నీది?"

వాడు నాన్న వైపు చూశాడు. నేనూ ఆయన వైపే చూశాను.

మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆవిడ లెమ్మనలేదు, ఎవరూ లెమ్మనలేదు.

"ఏ బడీ లేదు మేడమ్. ఇద్దరి ఫీజూ కట్టలేకపోయాను. ఇంట్లో వాళ్ళమ్మే చెప్పింది. వంట చేసుకుంటూ చెప్పింది. నేను వద్దనే అన్నాను, వినలేదు. ఇంగ్లీషు మా అమ్మాయి చెప్పింది," అన్నారు. పొద్దున పరువు పోతుందన్న మనిషే, ఛాతీ విరుచుకుని మరీ చెప్పారు.

ప్రిన్సిపాల్ నా వైపు తిరిగారు. "సీటిస్తున్నాం. ఆ కేకలు మాన్పించే పూచీ మాత్రం మీదేనమ్మా."

నోరుగలదాన్నని పేరు మోసిన నేను బుద్ధిగా తలూపాను. ఇక ఎవరూ ఎవర్నీ ఎక్కడా దించి రానక్కర్లేదు. గర్వంతో నా ఒళ్ళు పులకరించింది. వాడి మీద గర్వం, వాళ్ళక్క మీద గర్వం, అలా లేచి నిలబడ్డ మా ఆయన మీద గర్వం. అబద్ధమెందుకు, అందరికంటే ఎక్కువ నా మీద నాకే.