మోటారుకి ఎంత కరెంటు

"నాకు చెమటలు కారిపోతుంటే నీ మిషనుకి గాలి కావలసొచ్చిందా?" అంటూ మా అత్తగారు టేబుల్ ఫ్యాన్‌ని తనవైపు తిప్పుకున్నారు.

"మోటారు కాలిపోతోంది నానమ్మా!" అని మా అమ్మాయి దాన్ని మళ్ళీ ప్రింటరు వైపు తిప్పింది.

"నేను మాత్రం మంచుగడ్డలా ఉన్నానా?"

ఫ్యాను అటూ ఇటూ తిరుగుతుండగానే హాల్లో, ప్లాస్టిక్‌ని పొర మీద పొరగా పోసి వస్తువులు చేసే త్రీడీ ప్రింటరు టక్కుమంది. సగం లేచిన చెంచా పిడి అక్కడినుంచి పక్కకి జరిగిపోయి మెట్టులా తయారైంది. వేళ్ళు సరిగా ముడవలేని రోగుల కోసం ఒక ఫిజియోథెరపిస్టు అడిగిన లావుపాటి పిడులవి. నచ్చితే ఇకమీదట మా అమ్మాయి దగ్గరే చేయిస్తానంది. సాయంత్రం చూడటానికి వస్తోంది.

"ఇంకొక్కసారి పాడైతే మిషను అమ్మేద్దాం," అన్నారు మావారు పేపర్లోంచి తలెత్తకుండా. "లేదూ, కరెంటు ఇంకాస్త పెంచి చూడు."

మా ఇంట్లో ఏది సరిగ్గా నడవకపోయినా ఇదే మందు. టీవీ వినపడకపోతే సౌండు, కూర ఉడకకపోతే మంట. ప్రింటరుని నడిపే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాములో ఒక్కో మోటారుకి ఎంత కరెంటు అందాలో ఒక అంకె ఉంటుంది. పొర తప్పినప్పుడల్లా మా అమ్మాయి ఆ అంకె పెంచుతూ వచ్చింది.

"పొద్దున చేసిన చిన్న పిడి బాగానే వచ్చిందిగా?" అన్నాను.

"అది తొందరగా అయిపోయిందమ్మా."

"అంటే వేడెక్కాకే తప్పుతోందన్నమాట."

మా అమ్మాయి చటుక్కున లేచింది. స్విచ్చి ఆపి, ప్రింటరు కింది మూత విప్పింది. మోటారుకి కరెంటు అందించే డ్రైవర్, గోరంత చిప్పు, గాలి తగలని ఆ పెట్టెలో ఉంది. దానిమీద వేలు పెట్టి "అబ్బా!" అని లాక్కుంది.

"మోటారు కాదమ్మా, ఇదీ! వేడి తట్టుకోలేక రెప్పపాటు ఆగిపోతోంది. అంతలో మోటారు అడుగు తప్పుతోంది. నేనేమో దీనికి ఇంకా ఇంకా కరెంటు మేపుతున్నాను!"

"తగ్గిస్తే బలం చాలుతుందా?" మావారు పేపరు మడిచారు.

"అది లాగేది లారీని కాదు నాన్నా!"

అంకె తగ్గించి, సేవ్ చేసి, మళ్ళీ మొదలుపెట్టింది. మోటారు రొద కూడా తగ్గింది. పిడి పొర మీద పొరగా, నిటారుగా లేచింది. సాయంత్రం ఫిజియోథెరపిస్టు దాన్ని గుప్పిట్లో బిగించి చూసి, మరో రెండు సైజులు కూడా కావాలని చెప్పి వెళ్ళింది.

రాత్రి భోజనాల దగ్గర మావారు గొంతు సవరించుకున్నారు. "మిషను అమ్మటం లేదు. కిటికీ పక్కనున్న నా రాత బల్ల దానికి ఇచ్చేస్తున్నా."

"మరి నువ్వెక్కడ రాస్తావురా?" అన్నారు అత్తగారు.

"నేను రాసి ఉద్ధరించిందేముందమ్మా? రేపే ఖాళీ చేస్తాను."